జేబుకీ అరచేతికీ కుదరని బేరం

చాకు కొనేటప్పుడు ఎవరైనా ముందు చూసేది పదునే. అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి, తృప్తిగా తలూపి, డబ్బులిచ్చేస్తారు. పిడి సంగతి అప్పుడు ఎవరికీ గుర్తురాదు. ఇంటికొచ్చి ఓ రెండు కిలోల మామిడికాయలు తరిగాక అప్పుడు చెయ్యి చెబుతుంది. చూపుడువేలి పక్కన ఎర్రటి గీత, అరచేతి మధ్యలో ఓ నొక్కు, బొటనవేలి మొదట్లో సలుపు. పదును పోతే నూరుకోవచ్చు. పిడి కుదరకపోతే ఏం చేస్తాం?

నాకు మడత చాకుల పిచ్చి ఉంది. వారానికి నాలుగు రోజులు విమానాల్లో తిరిగే కన్సల్టెంటుకి ఇంతకన్నా పనికిరాని సరదా ఇంకోటి ఉండదు. 2001 సెప్టెంబరు తర్వాత విమానంలో చాకు అనే మాటే లేదు కదా. 2013 మార్చిలో అమెరికా విమానాశ్రయాల భద్రత చూసే సంస్థ, 6 సెంటీమీటర్ల లోపు బ్లేడు ఉన్న చిన్న చాకుల్ని రానిస్తామని ప్రకటించింది. విమాన సిబ్బంది గట్టిగా అడ్డం తిరిగేసరికి జూన్ లో ఆ మాట వెనక్కి తీసుకుంది. అందుకని నా చాకులన్నీ ఇంట్లో డ్రాయర్లో పడుంటాయి, నేనేమో హోటల్ గదుల్లో కూర్చుని వాటి చరిత్ర చదువుతూ ఉంటాను. చదవగా చదవగా నాకు తోచింది ఒకటే. మడత చాకు చరిత్రంతా జేబుకీ అరచేతికీ మధ్య నడిచిన బేరం. జేబుకి సన్నగా, పొట్టిగా, నున్నగా ఉంటే ఇష్టం. అరచేతికి లావుగా, పొడుగ్గా, కాస్త గరుగ్గా ఉంటే ఇష్టం. ఇద్దరినీ ఒకేసారి మెప్పించడం అత్తాకోడళ్ళ మధ్య ఇరుక్కున్నవాడి పని లాంటిది.

అసలు చెయ్యి ఏం కోరుకుంటుందో ముందు చూద్దాం. మీ కుడిచెయ్యి వదులుగా గుప్పిట పట్టి, తర్వాత గట్టిగా బిగించండి. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళలో ఉన్న కణుపులు దాదాపు కదలవు. ఉంగరపువేలు, చిటికెనవేలు వైపువి మాత్రం అరచేతి లోపలికి వంగుతాయి. ఆ రెండు వేళ్ళ కింది అరచేతి ఎముకలు మణికట్టు దగ్గర కదిలేలా ఉన్నాయి, మొదటి రెంటివీ బిగించేసినట్టుంటాయి. అందుకే ఏ కర్ర పట్టుకున్నా అది అరచేతికి తిన్నగా అడ్డంగా ఉండదు. చూపుడువేలి మొదలు నుంచి చిటికెనవేలి కిందున్న మెత్తటి దిండు దాకా ఏటవాలుగా పడుకుంటుంది. ఏటవాలు గీత ఎప్పుడూ అడ్డగీత కంటే పొడుగు. అంటే, పిడి మన అరచేతి వెడల్పు కంటే పొడుగుండాలి. లేదా దాని చివర అరచేతి మధ్యలో దిగుతుంది. ఆ మధ్య భాగంలో బొటనవేలి వైపున్న దిండూ లేదు, చిటికెనవేలి వైపున్న దిండూ లేదు. చర్మం, దాని కింద గట్టి పొర, దాని కింద వేళ్ళకెళ్ళే తాళ్ళు, నరాలు, రక్తనాళాలు. పొట్టి చాకు సరిగ్గా వెళ్ళి అక్కడే పొడుస్తుంది.

ఇంకో విచిత్రం. వేళ్ళని ముడిచే కండలు వేళ్ళలో లేవు. అసలు బలమంతా ముంజేతిలో ఉంది, అక్కణ్ణుంచి తాళ్ళ లాంటి స్నాయువులు మణికట్టు గుండా వేళ్ళలోకి వెళ్తాయి. మణికట్టు దగ్గరున్న ఇరుకు సొరంగంలో తొమ్మిది స్నాయువులూ ఒక నరమూ సర్దుకుంటాయి. (మౌసు పట్టుకుని బతికే మన జాతికి ఈ సొరంగం సంగతి వేరే చెప్పక్కర్లేదు.) మణికట్టు కొద్దిగా వెనక్కి ఎత్తి ఉన్నప్పుడు పట్టు బాగా బిగుస్తుంది. లోపలికి వంచితే ఆ తాళ్ళు వదులై పట్టు సగం పోతుంది. ఒకసారి చెయ్యి లోపలికి వంచి గుప్పిట బిగించడానికి ప్రయత్నించి చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ చెయ్యి ఇలా తయారవడానికీ చాకుకీ సంబంధం ఉంది. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే జియాలజిస్టు చెక్కిన రాయి ఒకటి ఏరాడు. మన దేశపు పాతరాతియుగం కథ మొదలైంది దానితోనే. ఆయనే తర్వాత 1884లో కర్నూలు జిల్లా బిళ్ళసర్గం గుహల్లో తవ్వకాలు చేయించాడు. పల్లావరం రాయి లాంటివి ఆ తర్వాత నాగార్జునకొండ లోయలో కూడా దొరికాయి. ఈ చేతిగొడ్డళ్ళకి పిడి లేదు. చాలావాటికి ఒక కొన పదును, రెండో కొన గుండ్రం. ఆ గుండ్రటి వైపు అరచేతిలో ఇముడుతుంది. ఎవరో మనిషి, మన వ్యాకరణం కాదు కదా మన జాతి కూడా కాని మనిషి, ఏ వైపు పదును పెట్టకుండా వదిలెయ్యాలో తెలుసుకున్నాడు. నా దృష్టిలో పిడి పుట్టింది అక్కడే, పదును లేని వైపుగా.

ఇక ఆ రాళ్ళు పట్టిన చేతి మాట. లండన్ లో జాన్ నేపియర్ అని ఒకాయన ఉండేవాడు, ఎముకల డాక్టరుగా మొదలై అనాటమీలోకి, అక్కణ్ణుంచి కోతుల అధ్యయనంలోకి వెళ్ళినాయన. 1956లో చేతి పట్ల గురించి ఒక వ్యాసం రాశాడు. మనిషి చెయ్యి చేసే లక్షా తొంభై పనుల్లోనూ ప్రధానంగా ఉన్నవి రెండే పట్లు అన్నాడు. ఒకటి బలం పట్టు, సుత్తి పట్టుకున్నట్టు, అరచెయ్యీ వేళ్ళూ కలిసి బిగించేది. రెండోది నైపుణ్యం పట్టు, సూది పట్టుకున్నట్టు, వేళ్ళ కొసలూ బొటనవేలూ మాత్రమే కలిసేది. ఏ పట్టు వాడతామన్నది వస్తువు ఆకారాన్ని బట్టి కాదు, చేయబోయే పనిని బట్టి ఉంటుందని కూడా అన్నాడు. సీసా మూత ఉదాహరణ చెప్పాడు. బిగిసిపోయిన మూత తిప్పేటప్పుడు మొదట బలం పట్టు, వదులయ్యాక వేళ్ళ కొసలతో. మూత అదే, చెయ్యే మారింది. 1960లో ఆఫ్రికాలో ఓల్డువాయ్ లోయలో దొరికిన చేతి ఎముకల్ని పరీక్షించిందీ ఈయనే. 1964లో లీకీ, టోబియాస్, నేపియర్ కలిసి ఆ ప్రాణికి హోమో హాబిలిస్ అని పేరు పెట్టారు. చేతివాటం ఉన్న మనిషి అని మనం చెప్పుకోవచ్చు.

మడత చాకు కష్టం నేపియర్ మాటల్లో తేలిగ్గా అర్థమవుతుంది. సుత్తికి ఒకటే పట్టు, సూదికి ఒకటే పట్టు. చాకు రెంటికీ కావాలి. పుల్ల చెక్కేటప్పుడు బలం, ఆపిల్ తొక్క తీసేటప్పుడు నైపుణ్యం, ముల్లు తీసేటప్పుడు మరీ నైపుణ్యం. ఒక్క నిమిషంలో నాలుగుసార్లు పట్టు మారుతుంది. ఒక పట్టుకి అచ్చు పోసినట్టున్న పిడి, రెండో పట్టుకి అడ్డం.

పాతకాలం వాళ్ళు ఈ గొడవలో పడలేదు, ఒక్కో పనికి ఒక్కో కత్తి పెట్టుకున్నారు. రోమన్లకి మడత చాకులుండేవి. కేంబ్రిడ్జ్ లో ఫిట్జ్‌విలియం మ్యూజియంలో చెంచా, ఫోర్కు, చాకు, ముల్లు అన్నీ మడిచిపెట్టే ఒక వెండి పనిముట్టు ఉంది, దాన్ని చూస్తే స్విస్ చాకు రెండు వేల ఏళ్ళు పాతబడినట్టుంటుంది. కొన్ని రోమన్ చాకుల పిడుల మీద కత్తులు దూసిన గ్లాడియేటర్ బొమ్మలుంటాయి. చూడ్డానికి ముచ్చట, పట్టుకుంటే ఆ గ్లాడియేటర్ డాలు వేలికి గుచ్చుకుంటుంది కాబోలు. ఈక కలాల కాలంలో యూరప్ లో కలం చెక్కే చిన్న చాకు జేబులో ఉండేది. దానికి సన్నటి పిడి చాలు, పనంతా వేళ్ళ కొసలదే. మన వైపు తాటాకు మీద రాసే గంటాల్లో కొన్నిటికి ఆకు కత్తిరించుకునే మడత చాకు కూడా కలిసి ఉండేది. గంటం పట్టు మరీ చిత్రం. కుడిచేతి గుప్పిట్లో ఇనప పుల్ల, దాన్ని నడిపించడానికి ఎడమ బొటనవేలు ఆసరా. బలం ఒక చేతిది, నైపుణ్యం రెండో చేతిది.

ఇక మన కత్తిపీట. దాన్ని కనిపెట్టిన మహానుభావులు ఎవరో గానీ పిడి సమస్యని పరిష్కరించలేదు, ఎత్తేశారు. కత్తిని కాలి కింద తొక్కిపెట్టి, రెండు చేతుల్నీ వంకాయకి వదిలేశారు. అరచేతి మీద ఒత్తిడే లేదు. యాభై మందికి పెళ్ళివంట తరిగే ఆడవాళ్ళు గంటలకొద్దీ కూర్చుని తరిగినా వేలి పక్కన కాయ కట్టేది కాదు. నడుమూ మోకాళ్ళ సంగతి వేరే అనుకోండి, అక్కడికి తర్వాత వస్తాను.

1884లో స్విట్జర్లాండ్ లోని ఇబాఖ్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ చాకుల దుకాణం పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి చాకులు సరఫరా చేయడం మొదలుపెట్టాడు. ఆ చాకులో బ్లేడు, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసేది, బెజ్జం వేసేది ఉండేవి. స్క్రూడ్రైవరు ఎందుకంటే అప్పటి కొత్త రైఫిల్ విప్పడానికి. పిడి చెక్కది, పొడవు 10 సెంటీమీటర్లు. 1897 జూన్ 12న ఆయన నమోదు చేయించినది ఆఫీసర్ల చాకు, ఇంకా తేలిక, ఇంకా నాజూకు. ఇప్పుడు దుకాణాల్లో ఎర్రగా మెరిసే చాకుల వంశం అదే. వాటిలో ఒక సైజు 91 మిల్లీమీటర్లు. ఇప్పుడో లెక్క చూడండి. 1988లో అమెరికా సైన్యం వేలమంది చేతులు కొలిచింది. మగవాళ్ళ అరచేతి వెడల్పు సగటున 90 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళది 79. అంటే ఆ చాకు సగటు మగవాడి అరచేతికి అడ్డంగా సరిగ్గా సరిపోతుంది, ఏటవాలుగా పట్టుకుంటే చాలదు. నిజానికి ఆ బేరంలో గెలిచింది జేబు. సైన్యం చాకు కూడా ఇరవయ్యో శతాబ్దం మధ్యకి 93 మిల్లీమీటర్లకి తగ్గింది. 1961 నుంచి గరుకు గళ్ళు పెట్టిన అల్యూమినియం పిడి వచ్చింది, చెయ్యి జారకుండా అదొక్కటి నయం. చివరికి 2008లో స్విస్ సైన్యం కొత్త చాకు ఎంచుకుంది. 111 మిల్లీమీటర్లు, పిడిలో మెత్తటి నల్ల రబ్బరు లాంటి భాగాలు, ఒంటిచేత్తో తెరుచుకునే బ్లేడు, అది మూసుకుపోకుండా లాకు. నూటపదిహేడేళ్ళు పట్టింది అరచెయ్యి మాట చెల్లడానికి.

ఎల్సెనర్ కాలంలోనే ఫ్రాన్స్ కొండల్లో ఇంకో మనిషి దీన్ని వేరేగా ఆలోచించాడు. సవోయి ప్రాంతంలో గొడ్డళ్ళూ కొడవళ్ళూ చేసే కమ్మరి ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఒపినెల్. 1890లో ఒక మడత చాకు తయారుచేశాడు. కడ్డీ లాంటి గుండ్రటి చెక్క పిడి, మధ్యలో కాస్త పొట్ట, చివర చేపతోకలా వంపు. దాన్ని చీల్చి అందులో బ్లేడు దూర్చడం, అంతే. 1897కి ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లతో పన్నెండు సైజులు చేశాడు. (1, 11 నంబర్లు తర్వాత ఆపేశారు.) 8వ నంబరుకి పిడి 11 సెంటీమీటర్లు, బ్లేడు 8.5. దాని ముద్ర ఏమిటో తెలుసా? కిరీటం పెట్టిన చెయ్యి. దగ్గర్లో ఉన్న సెయింట్ జాన్ ద మోరియెన్ అనే ఊరి చిహ్నంలోని ఆశీర్వదించే చెయ్యి అది. 1909లో నమోదు చేశారు.

ఒపినెల్ ని నేను మెచ్చుకునేది అందం కోసం కాదు. చేతులు అందరికీ ఒకేలా ఉండవన్న సంగతి చెప్పుల వాడికి తెలుసు, చాకుల వాడికి తెలియదు. ఈయనకి తెలిసింది. పైగా వేళ్ళకి గాళ్ళు తవ్వలేదు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. దుకాణంలో నాలుగు వేళ్ళకి నాలుగు గాళ్ళున్న పిడి చూస్తే "ఆహా, ఎంత శాస్త్రీయంగా ఉందో" అనిపిస్తుంది. అది ఒకే ఒక్క చేతికి శాస్త్రీయం, ఆ అచ్చు తీసిన వాడి చేతికి. మీ వేళ్ళు కాస్త సన్నమైనా లావైనా గాళ్ళ మధ్య గట్టు వెళ్ళి వేలి పక్కన నొక్కుతుంది. స్పర్శ తెలిపే నరాలు వేలికి రెండు పక్కలా చర్మానికి దగ్గరగా నడుస్తాయి. అక్కడే తిమ్మిరి మొదలవుతుంది. పట్టు తిప్పితే నాలుగు గట్లూ నాలుగు చోట్ల గుచ్చుకుంటాయి. సాదా పొట్టపిడి ఏ చేతినైనా, ఏ పట్టునైనా రానిస్తుంది.

పిడి హాయిగా ఉంటే చాలదు, బ్లేడు వేళ్ళ మీదకి మడత పడకూడదు కూడా. ఇది తమాషా విషయం కాదు. స్ప్రింగు ఒక్కటే పట్టి ఉంచే చాకుతో పొడిచినట్టు నొక్కితే అది వేళ్ళ లోపలి వైపు మూసుకుంటుంది. వేలి మొదలు నుంచి మధ్య కణుపు దాటేదాకా రెండు స్నాయువులు ఒకే ఇరుకు గొట్టంలో నడుస్తాయి. అక్కడ తెగితే కుట్టినా అతుక్కుపోయి వేలు ముడుచుకునేది కాదు. శాన్ ఫ్రాన్సిస్కో సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ ఆ చోటికి ఎవరూ అడుగుపెట్టకూడని నేల అన్న అర్థంలో పేరు పెట్టాడు. 1944లో ఆయన రాసిన పుస్తకంతోనే చేతి శస్త్రచికిత్స ఒక ప్రత్యేక విద్యగా నిలబడింది. 1960ల దాకా సర్జన్లు అక్కడ వెంటనే కుట్టడానికి జంకేవారు. అటువంటి రోజుల్లో, 1955లో, మార్సెల్ ఒపినెల్ బ్లేడు మొదట్లో తిరిగే ఉక్కు రింగు పెట్టాడు. తిప్పితే బ్లేడు కదలదు. బ్రిటన్ లో మాత్రం 1988 చట్టం ప్రకారం కారణం చెప్పకుండా జేబులో పెట్టుకుని తిరగగలిగేది 3 అంగుళాల లోపు, లాకు లేని మడత చాకునే. వీధిలో జనం భద్రత ఒకవైపు, పట్టుకున్నవాడి వేళ్ళ భద్రత ఇంకోవైపు.

అమెరికా వాళ్ళు 1964లో ఇంకో దారి పట్టారు. బక్ కంపెనీ 110 నంబరు చాకు. 12 సెంటీమీటర్ల పైచిలుకు పిడి, చెక్క, రెండు చివర్లా ఇత్తడి, గట్టి లాకు, 200 గ్రాముల బరువు. చేతిలో దివ్యంగా ఉంటుంది. జేబులో వేస్తే ప్యాంటు జారుతుంది. అందుకని నడుముకి తోలు సంచీలో వేలాడదీసుకున్నారు. అంటే అరచెయ్యి పూర్తిగా గెలిచేసరికి అది జేబు చాకే కాకుండా పోయింది! 1981లో స్పైడర్కో వాళ్ళు జేబు అంచుకి తగిలించుకునే క్లిప్పు, ఒక్క బొటనవేలితో తెరవడానికి బ్లేడులో గుండ్రటి బెజ్జం పెట్టారు. చాకు మళ్ళీ జేబుకొచ్చింది. ఆ క్లిప్పు మాత్రం గట్టిగా పట్టినప్పుడల్లా వేళ్ళకో అరచేతికో ఒత్తుకుంటుంది. బేరం మళ్ళీ మొదటికొచ్చింది.

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్, కాలిఫోర్నియా వాళ్ళతో కలిసి 2004లో చేతి పనిముట్లు ఎంచుకోవడం మీద ఒక చిన్న పుస్తకం వేసింది. బలం పట్టుకి పిడి మందం ఒకటింబావు నుంచి రెండు అంగుళాలు, నైపుణ్యం పట్టుకి పావు నుంచి అర అంగుళం, బలం పట్టుకి పొడవు అరచేతి వెడల్పు కంటే ఎక్కువ, మామూలుగా 4 నుంచి 6 అంగుళాలు. మడత చాకుల్లో చాలావాటి మందం ఈ రెండు లెక్కల మధ్యన పడుతుంది, దేనికీ చెందకుండా.

ఇదంతా నాకు కాలక్షేపంగానే ఉండేది, అమ్మ ఆర్నెల్లు ఉందామని వచ్చేదాకా. యాభై ఏళ్ళు కత్తిపీట ముందు కూర్చున్న మనిషి. మోకాళ్ళు అరిగి కింద కూర్చోలేదు. ఇక్కడ కౌంటర్ దగ్గర నిలబడి తరుగుదామంటే మా కత్తుల పిడులు ఆవిడ చేతికి పెద్దవి. సరదాగా నా ఎర్ర స్విస్ చాకు ఇచ్చాను. తెరవలేకపోయింది. బ్లేడులోని చిన్న గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగాలి. ఆవిడకి రెండు బొటనవేళ్ళ మొదళ్ళలోనూ కీళ్ళవాతం. 1977లో కూనీ, చావ్ అనే ఇద్దరు లెక్క కట్టారు, బొటనవేలి కొసతో కిలో బరువు చిటికెడితే దాని మొదటి కీలు మీద దాదాపు 12 కిలోలు పడుతుందని. ఆ జీను ఆకారపు కీలు వల్లే మనం మనుషులమయ్యాం, ముసలితనంలో ముందు అరిగేవాటిలో అదీ ఒకటి. "ఇదేం చాకురా, పట్టుకోడానికి చోటే లేదు. ఆ వంకాయలు నువ్వే తరుగు" అంది. కోపంగా కాదు. మామూలుగానే అంది. వంటింట్లో ఆవిడ నోట "నువ్వే తరుగు" అన్న మాట నేను అదే మొదటిసారి వినడం.

అమెరికాలో పిల్లల చాకులకి, చలికి మొద్దుబారిన వేళ్ళకి పనికొచ్చేలా పిడి పక్కన అర్ధచంద్రాకారంగా కోసిన పాత రకాలున్నాయి. బ్లేడుని గోరుతో కాకుండా రెండు వేళ్ళతో పట్టి తియ్యొచ్చు. 1990లో ఆక్సో వాళ్ళ లావు రబ్బరు పిడి పీలర్ వచ్చింది కూడా సామ్ ఫార్బర్ అనే ఆయన భార్య కీళ్ళవాతం చూశాకే. ఆ పీలరు మా అమ్మకి బాగా నచ్చింది, బీరకాయలన్నీ దాని పాలే. తరగడానికి మాత్రం డ్రాయరంతా ముందు పోశాను. ఒక్కోటి పట్టుకుని, గుప్పిట బిగించి, వద్దని పక్కన పెట్టింది. ఆగింది 8వ నంబరు ఒపినెల్ దగ్గర. 8 సెంటీమీటర్ల అరచేతికి 11 సెంటీమీటర్ల పిడి, ఏటవాలుగా పడుకోబెట్టినా చివర దిండు దాటి బయటికి వస్తుంది. పొట్ట దగ్గర లావుంది కాబట్టి గట్టిగా బిగించక్కర్లేదు.

దాని రింగు తిప్పడం ఆవిడ వల్ల కాలేదు, అదీ చిటికె పట్టే కదా. నేను తెరిచి, రింగు తిప్పి ఇచ్చాను. మళ్ళీ మూయనివ్వలేదు. వెళ్ళేటప్పుడు అట్టముక్క చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్ళింది. ఇప్పుడది కాకినాడలో వంటింటి గట్టు మీద, గరిటెల డబ్బాలో, తెరిచే ఉంది.